వ్యాపారానికి సైబర్ ఇన్సూరెన్స్ ఎంచుకోవడం ఎలా: ప్రపోజల్ ఫారం నుంచి క్లెయిమ్ దాకా

"కోటి రూపాయల సైబర్ పాలసీకి ప్రీమియం ఎంత పడుతుందండీ?" వారంలో రెండు మూడుసార్లయినా ఈ ప్రశ్న వింటాను. మందుల డిస్ట్రిబ్యూటర్లు, డయాగ్నస్టిక్ సెంటర్ల వాళ్లు, మిర్చి ఎగుమతిదారులు, చిన్న ఐటీ కంపెనీలు, అందరూ ఇక్కడే మొదలుపెడతారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "నెలలో మీరు ఒకేసారి పంపే అతి పెద్ద పేమెంట్ ఎంత?" చాలామందికి వెంటనే జవాబు దొరకదు. ఆ అంకె తెలియకుండా తీసుకున్న పాలసీ, తీరా అవసరం పడిన రోజున అక్కరకు రాకపోవచ్చు.

యాభై మంది లోపు సిబ్బంది ఉన్న వ్యాపారాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కింద చెప్పిన వరసలోనే చేయండి. మొదటి మూడు పనులకు పది రోజులు కేటాయించండి. మార్చి నెలాఖరు హడావుడిలో మాత్రం ఈ పాలసీ జోలికి వెళ్లకండి.

ఇంకో మాట. ఫోన్‌లో యాప్ తెరిస్తే తక్కువ ధరకు కనిపించే వ్యక్తిగత సైబర్ పాలసీ మీ సొంత ఖాతా, కార్డు, సోషల్ మీడియా లాంటి వాటి కోసం. వ్యాపారంలో వచ్చే నష్టాలు సాధారణంగా దాని పరిధిలోకి రావు. అది ఉంది కదా అని ఊరుకోవద్దు.

1. ముందు మీ నష్టాన్ని కాగితం మీద పెట్టండి

సైబర్ దెబ్బ నాలుగు రకాలుగా తగులుతుంది: డబ్బు పోతుంది, పని ఆగుతుంది, డేటా పోతుంది లేదా బయటపడుతుంది, అవతలివాళ్లు మన మీద కేసు వేస్తారు. నాలుగింటికీ విడివిడిగా అంకె వేయాలి.

ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌ని ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 3 కోట్ల టర్నోవర్. గ్రాస్ మార్జిన్ 8 శాతం అనుకుంటే 24 లక్షలు. నెలకు 25 పనిదినాలు, అంటే రోజుకు 96 వేలు. బిల్లింగ్ సర్వర్ లాక్ అయిపోయి 12 పనిదినాలు ఆగితే 11 లక్షల 52 వేలు పోయినట్టు. చాలామంది ఇక్కడ టర్నోవర్ లెక్క వేసి కోటిన్నర నష్టం అనుకుంటారు. పని ఆగినందుకు ఇన్సూరెన్స్ ఇచ్చేది పోయిన నికర లాభం, ఆ రోజుల్లోనూ ఆగకుండా కట్టాల్సిన అద్దె, జీతాల లాంటి ఖర్చులు మాత్రమే. అమ్మకాల మొత్తం ఎవరూ ఇవ్వరు.

పన్నెండు రోజులు అంటే ఎక్కువ చెప్పానని అనుకోకండి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రి దాదాపు రెండు వారాలు కాగితాల మీదే నడిచింది. మన దగ్గర సిస్టమ్స్ చిన్నవే, కానీ వాటిని తిరిగి నిలబెట్టే మనిషి కూడా ఒక్కడే ఉంటాడు.

మన డిస్ట్రిబ్యూటర్ మందుల కంపెనీకి నెలకోసారి 45 లక్షలు ఒకే ఆర్‌టీజీఎస్‌లో పంపుతాడనుకోండి. నకిలీ మెయిల్‌కి మోసపోతే ఒక్క క్లిక్‌తో పోయేది 45 లక్షలు. పన్నెండు రోజుల మూత కంటే అది నాలుగు రెట్లు. అందుకే అతనికి ముఖ్యమైన కవర్ రాన్సమ్‌వేర్‌ది కాదు, పేమెంట్ మోసానిది. డయాగ్నస్టిక్ సెంటర్‌కి లెక్క తలకిందులుగా ఉంటుంది: పెద్ద పేమెంట్లు తక్కువ, పేషెంట్ల డేటా ఎక్కువ.

రాసుకోవలసినవి:
- గత 12 నెలల్లో ఒకేసారి పంపిన అతి పెద్ద పేమెంట్
- ఒకే ఇన్‌వాయిస్ మీద మీకు రావలసిన అతి పెద్ద మొత్తం
- రోజుకు గ్రాస్ మార్జిన్, రోజువారీ ఆగని ఖర్చులు
- కస్టమర్ల లేదా పేషెంట్ల రికార్డులు సుమారు ఎన్ని, వాటిలో ఆధార్, పాన్, ఆరోగ్య వివరాలు ఉన్నాయా
- మీరు ఆధారపడే బయటి కంపెనీలు: క్లౌడ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, పేమెంట్ గేట్‌వే
- క్లయింట్ కాంట్రాక్టుల్లో సైబర్ కవర్ ఇంత ఉండాలని షరతు ఉందా

2. దరఖాస్తుకు ముందు ఇల్లు సర్దుకోండి

ఇన్సూరెన్స్ కంపెనీ అండర్‌రైటర్ (పాలసీ ఇవ్వాలా వద్దా, ఎంతకివ్వాలో తేల్చే మనిషి) ముందు చూసేది మీ అలవాట్లను. ఇవి సరిగా లేకపోతే ప్రీమియం పెరుగుతుంది, లేదా అసలు కోటే (కంపెనీ చెప్పే ధర, షరతులు) రాదు. వీటిలో చాలావాటికి పెద్దగా డబ్బు పట్టదు.

- ఈమెయిల్, నెట్ బ్యాంకింగ్, బయటి నుంచి లాగిన్ అయ్యే ప్రతిచోటా టూ-స్టెప్ వెరిఫికేషన్. యజమాని మెయిల్‌తో సహా. "నాకు ఓటీపీలు చిరాకు" అని మినహాయింపు తీసుకునేది ఎక్కువగా యజమానే, మోసగాళ్లు ముందు చూసేదీ ఆ మెయిల్‌నే.
- రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ని నడిపే సదుపాయం) నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే మూసేయండి. సాఫ్ట్‌వేర్ సపోర్ట్ వాళ్ల కోసం ఎనీడెస్క్ లాంటి యాప్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచే అలవాటు మానండి.
- బ్యాకప్ రెండు చోట్ల ఉండాలి. అందులో ఒకటి నెట్‌వర్క్‌కి తగలకుండా ఉండాలి. సర్వర్‌కి ఇరవైనాలుగు గంటలూ గుచ్చి ఉంచిన హార్డ్ డిస్క్‌ని బ్యాకప్ అనుకోవద్దు, వైరస్ దాన్నీ లాక్ చేస్తుంది.
- మూడు నెలలకోసారి ఆ బ్యాకప్ నుంచి డేటా నిజంగా తిరిగి తెరుచుకుంటుందో లేదో చూసి, తేదీ వేసి రాసుకోండి.
- పైరేటెడ్ విండోస్, క్రాక్ చేసిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తీసేయండి. వీటికి అప్‌డేట్లు రావు. లైసెన్స్ లేని సాఫ్ట్‌వేర్ వల్ల జరిగిన నష్టాన్ని మినహాయించే పాలసీలూ ఉన్నాయి.
- బ్యాంకు ఖాతా నంబర్ మారిందని ఎవరు మెయిల్ పెట్టినా, మన దగ్గర పాత పుస్తకంలో ఉన్న నంబర్‌కే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి చేయకూడదు.
- ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్లు అదే రోజు తీసేయాలి.

చివరి రెండింటికి పైసా ఖర్చు లేదు. అయినా నేను చూసిన నష్టాల్లో చాలావాటి వెనక ఈ రెండింటిలో ఒకటి కనపడింది.

3. ప్రపోజల్ ఫారం మీరే నింపండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. ఇన్సూరెన్స్ అనేది పూర్తి నమ్మకం మీద నడిచే ఒప్పందం. ఈ దరఖాస్తు ఫారంలో మీరు రాసిన జవాబు తప్పని తేలితే పాలసీనే రద్దు చేసే వీలు కంపెనీకి ఉంటుంది.

అమెరికాలో 2022లో సరిగ్గా ఇదే జరిగింది. ట్రావెలర్స్ అనే బీమా కంపెనీ, ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ మీద కోర్టుకెళ్లింది. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నామని ఫారంలో రాశారు. రాన్సమ్‌వేర్ దాడి తర్వాత చూస్తే అది ఫైర్‌వాల్‌కి మాత్రమే ఉంది, సర్వర్లకు లేదన్నది బీమా కంపెనీ వాదన. చివరికి రెండు పక్షాల ఒప్పుదలతో పాలసీ మొదటి నుంచీ లేనట్టే రద్దయింది.

మన దగ్గర జరిగేదేమిటంటే, పాలసీ అమ్మే మనిషి ఫారం తెచ్చి "సంతకం పెట్టండి సార్, మిగతాది నేను చూసుకుంటా" అంటాడు. ఇరవై ప్రశ్నలకు వరసగా "అవును" టిక్ పడిపోతుంది. ఆ టిక్‌లు ఎవరు పెట్టినా బాధ్యత సంతకం పెట్టినవారిదే.

ఇలా చేయండి:
- ఫారం ప్రింట్ తీసి, మీ కంప్యూటర్లు చూసే వ్యక్తిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ప్రశ్న చదవండి.
- "అవును" అన్న ప్రతిదానికీ ఒక రుజువు, స్క్రీన్‌షాట్ లేదా బిల్లు, ఫోల్డర్‌లో పెట్టండి.
- సగం నిజమైతే సగమే రాయండి: "మెయిల్‌కి ఉంది, సర్వర్‌కి ఇంకా లేదు, జూన్‌లోపు పెడతాం." ఇలా రాసినందుకు కోట్ ఆగిపోతుందని భయపడకండి. అండర్‌రైటర్లకు ఇది అలవాటే.
- పాత సంఘటనలు దాచొద్దు. రెండేళ్ల కిందట మెయిల్ హ్యాక్ అయి పాస్‌వర్డ్ మార్చుకున్నా సరే, అడిగితే చెప్పాలి.
- సంతకం చేసిన ఫారం కాపీ దాచుకోండి.

పేర్ల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. మన వ్యాపారాల్లో ఒకే కుటుంబానికి మూడు ఫర్మ్‌లు ఉంటాయి: ఒకటి నాన్నగారి పేరున, ఒకటి భార్య పేరున, ఇంకోటి ప్రైవేట్ లిమిటెడ్. ముగ్గురివీ బిల్లులు ఒకే సర్వర్ మీద నడుస్తాయి. పాలసీ మాత్రం ఒక్క పేరు మీదే ఉంటుంది. డబ్బు పోయింది రెండో ఫర్మ్ ఖాతాలోంచి అయితే ఆ క్లెయిమ్ చెల్లదు. జీఎస్టీ నంబర్లతో సహా అన్ని పేర్లూ పాలసీలో రాయించండి.

4. ఏ కవర్లు కావాలో తేల్చుకోండి

బ్రోషర్‌లో పదిహేను పేర్లు ఉంటాయి. మనకు లెక్కలోకి వచ్చేవి ఇవి.

దాడి తర్వాతి సహాయం: ఫోరెన్సిక్ నిపుణులు (దాడి ఎలా జరిగిందో ఆధారాలు వెతికేవాళ్లు), లాయర్, డేటా బయటపడ్డవాళ్లకు సమాచారం ఇచ్చే ఖర్చు. చిన్న వ్యాపారికి ఇది చాలా విలువైన భాగం. రాత్రి పదింటికి సర్వర్ లాక్ అయితే ఎవరికి ఫోన్ చేయాలో మనకు తెలియదు కదా. ఆ నంబర్, ఆ టీమ్ పాలసీతోనే వస్తాయి.

డేటా తిరిగి తెచ్చుకునే ఖర్చు: బిల్లులు మళ్లీ ఎక్కించే మనుషుల ఓవర్‌టైమ్ కూడా ఇందులో వస్తుందో లేదో అడగండి.

పని ఆగిన నష్టం: ఇందులో మూడు ప్రశ్నలు వేయాలి. వెయిటింగ్ పీరియడ్ (మొదట్లో నష్టం లెక్కలోకి రాని సమయం) ఎన్ని గంటలు? మీ దగ్గర కాకుండా మీ క్లౌడ్ కంపెనీ దగ్గర దాడి జరిగితే వర్తిస్తుందా? అసలు దాడే కాకుండా సాఫ్ట్‌వేర్ లోపం వల్ల ఆగితే?

రెండో ప్రశ్న ఎందుకంటే, 2024 జూలైలో సీ-ఎడ్జ్ అనే టెక్నాలజీ సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, దాని సేవలు వాడుకునే దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. ఆ బ్యాంకుల తప్పేమీ లేదు. మూడోది ఎందుకంటే, అదే నెల 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెరతో ఆగిపోయాయి. అక్కడ హ్యాకర్ ఎవరూ లేరు. "సిస్టమ్ ఫెయిల్యూర్" కవర్ విడిగా లేకపోతే అలాంటి నష్టం పాలసీలోకి రాదు.

పేమెంట్ మోసం: పాలసీల్లో దీన్ని సోషల్ ఇంజనీరింగ్ కవర్ అంటారు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, చాలామంది దెబ్బతినేది ఈ దగ్గరే.

హ్యాకర్ మీ బ్యాంకు ఖాతాలోకి దూరి డబ్బు లాగేయడం వేరు, మోసపోయి మీరే డబ్బు పంపడం వేరు. మొదటిది చాలా పాలసీల్లో ఉంటుంది. రెండోది విడిగా అడగాలి. మూడోది కూడా ఉంది, ఎగుమతిదారులు దీన్ని తప్పక చూసుకోవాలి.

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారు దగ్గర నేను చూసిన మెయిల్ చెబుతాను. విదేశీ కొనుగోలుదారుకు వాళ్లు పంపినట్టే ఉంది. అదే లోగో, అదే సంతకం, అదే ఇన్‌వాయిస్ నంబర్. బ్యాంకు ఖాతా ఒక్కటే మారింది. అడ్రస్‌లో 'ఎమ్' అక్షరం ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' అక్షరాలు పక్కపక్కన పెట్టారు. ఫోన్ తెర మీద రెండూ ఒకేలా కనపడతాయి. కొనుగోలుదారు డబ్బు కట్టేశాడు. సరుకు అప్పటికే ఓడెక్కింది. వీరి దగ్గర సోషల్ ఇంజనీరింగ్ కవర్ ఉంది, కానీ అది "మీరు పంపిన డబ్బు"కే వర్తిస్తుంది. ఇక్కడ పంపింది కొనుగోలుదారు. ఇలాంటి నష్టానికి ఇన్‌వాయిస్ మానిప్యులేషన్ అనే అదనపు కవర్ ఉండాలి. అదీ ఎక్కువగా మీ సొంత మెయిల్ సిస్టమ్‌లోకి ఎవరో చొరబడ్డారని రుజువైతేనే ఇస్తారు.

ఇంకో షరతు కూడా చూడండి. పేమెంట్ మోసం కవర్‌లో "ఖాతా మార్పును ఫోన్‌లో నిర్ధారించుకుని ఉండాలి" అన్న వాక్యం ఉంటే, ఫోన్ చేయకుండా పంపిన డబ్బుకు పైసా రాదు. మీ అకౌంటెంట్‌కి ఆ వాక్యం చూపించి, అర్థమయ్యేలా చెప్పండి.

ఇతరుల క్లెయిములు, ప్రభుత్వ విచారణ: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలల గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. ఈ మధ్య ఈ 250 కోట్ల అంకె చూపించి భయపెట్టి పాలసీలు అమ్ముతున్నారు. పాలసీలో జరిమానాల గురించి "చట్టం అనుమతించిన మేరకు" అని ఉంటుంది. జరిమానా ఇన్సూరెన్స్ కడుతుందన్న ధీమా పెట్టుకోవద్దు. విచారణలో లాయర్ ఖర్చు, సమాధానాలు తయారుచేసే ఖర్చు మాత్రం వస్తాయి, అవి చిన్నవి కావు.

హైదరాబాద్‌లో అమెరికా ఆసుపత్రులకు బిల్లింగ్, కోడింగ్ చేసే కంపెనీలు పరిధి దగ్గర జాగ్రత్తపడాలి. "ప్రపంచమంతా, అమెరికా, కెనడా మినహా" అని ఉంటే ఆ పాలసీ మీకు దండగే. సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్లకు పనిలో పొరపాటు జరిగితే వర్తించేది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ, దాడి జరిగితే సైబర్. రెండూ ఒకే కంపెనీ దగ్గర తీసుకుంటే "ఇది మాది కాదు, వాళ్లది" అన్న వాదన తప్పుతుంది.

5. లిమిట్ కంటే సబ్‌లిమిట్ చూడండి

పాలసీ మొదటి పేజీలో "1 కోటి" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అసలు లెక్క షెడ్యూల్‌లో, అంటే పాలసీకి జతచేసిన వివరాల పట్టికలో ఉంటుంది. పేమెంట్ మోసానికి 10 లక్షలు, రాన్సమ్‌వేర్‌కి 50 లక్షలు, ఇలా ఒక్కోదానికి ఒక్కో సీలింగ్ ఉండొచ్చు. మన డిస్ట్రిబ్యూటర్ 45 లక్షలు పంపే మనిషి. సబ్‌లిమిట్ 10 లక్షలైతే మిగతా 35 లక్షలు ఆయన సొంత జేబులోంచే.

డిడక్టిబుల్ అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందు మీరు భరించేది. వెయిటింగ్ పీరియడ్ 12 గంటలైతే మొదటి 12 గంటల నష్టం లెక్కలోకి రాదు. కొన్ని పాలసీల్లో రెండూ కలిపి వర్తిస్తాయి. కోట్ అడిగేటప్పుడే రాతపూర్వకంగా కనుక్కోండి.

ఫోరెన్సిక్, లాయర్ ఖర్చులు మొత్తం లిమిట్‌లోంచే పోతాయా, విడిగా ఇస్తారా అన్నదీ అడగండి. చిన్న లిమిట్ పాలసీలో ఆ ఖర్చులే సగం తినేయొచ్చు.

నా సలహా: లిమిట్ కాస్త తగ్గినా పర్వాలేదు, మీ అతి పెద్ద నష్టానికి సంబంధించిన సబ్‌లిమిట్ మాత్రం ఆ నష్టం అంత ఉండాలి. డిడక్టిబుల్ పెంచి ప్రీమియం తగ్గించుకోవడం మంచి పద్ధతే, లక్ష రూపాయల దెబ్బ మీరే తట్టుకోగలరు.

6. మినహాయింపులు చదివే పద్ధతి

బ్రోషర్ పక్కన పెట్టి "పాలసీ వర్డింగ్" అనే పూర్తి పత్రం తెప్పించుకోండి. మినహాయింపుల పేజీ తీసి, పెన్సిల్‌తో ఒక్కో వాక్యం పక్కన "మాకు జరగొచ్చు" లేదా "మాకు సంబంధం లేదు" అని రాయండి. మొదటి రకం వాటిని బ్రోకర్‌కి పంపి, తీసేయగలరా, మార్చగలరా అని అడగండి.

ఎక్కువగా తగిలేవి:
- రెట్రోయాక్టివ్ తేదీ. ఈ తేదీకి ముందు మొదలైన చొరబాటుకు పాలసీ వర్తించదు. హ్యాకర్ పాలసీకి ముందే చొరబడి మూడు నెలలు మౌనంగా కూర్చుంటే? తేదీ పరిమితి లేని పాలసీ దొరికితే మంచిది. కంపెనీ మారినప్పుడు పాత తేదీనే కొనసాగించమని అడగండి.
- భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం. ఇది మరీ వదులుగా రాసి ఉంటే ప్రతి క్లెయిమ్‌నూ ఇందులో తోసేయొచ్చు.
- యుద్ధం, ప్రభుత్వాల అండతో జరిగే దాడులు. లండన్ లాయిడ్స్ బీమా మార్కెట్ 2023 మార్చి 31 నుంచి సైబర్ పాలసీల్లో దీన్ని తప్పనిసరి చేసింది. ఆ దాడి ఎవరిదో రుజువు చేసే భారం ఎవరి మీద ఉందో చూడండి.
- కరెంటు, ఇంటర్నెట్ సరఫరా ఆగడం.
- పాత సిస్టమ్ కంటే మెరుగైనది పెట్టుకునే ఖర్చు. కొత్త సర్వర్ కొనిపెట్టరు.
- భాగస్వాములు, డైరెక్టర్లు చేసిన మోసం. ఉద్యోగి దొంగతనానికి ఫిడిలిటీ గ్యారంటీ పాలసీ వేరే ఉంటుంది.

7. కోట్‌లు తెప్పించడం, పోల్చడం

ఏజెంట్ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు మనిషి. లైసెన్స్ ఉన్న బ్రోకర్ మీ తరఫున పనిచేయాలి. సైబర్ పాలసీకి బ్రోకర్ దగ్గరికే వెళ్లండి, కానీ ముందు ఒక్కటి అడగండి: "మీరు ఇప్పటిదాకా సైబర్ క్లెయిమ్ ఏదైనా నడిపించారా?" మోటార్, హెల్త్ పాలసీలతో ఎంత అనుభవం ఉన్నా ఇది వేరే పని.

కనీసం మూడు కోట్‌లు. మూడింటికీ ఒకే ఫారం, అవే జవాబులు. వచ్చాక ఒక కాగితం మీద ఇవి మాత్రం పక్కపక్కన రాయండి: మొత్తం లిమిట్, పేమెంట్ మోసం సబ్‌లిమిట్, పని ఆగిన నష్టం సబ్‌లిమిట్, వెయిటింగ్ పీరియడ్, డిడక్టిబుల్, బయటి కంపెనీల వైఫల్యం ఉందా, రెట్రోయాక్టివ్ తేదీ, 24 గంటల హెల్ప్‌లైన్ ఉందా. ప్రీమియం చివరి గీతలో రాయండి.

ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. పన్ను పడే వ్యాపారమైతే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్ల సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి వాళ్లకు ఆ క్రెడిట్ రాదు, ఆ 18 శాతం ఖర్చే. బడ్జెట్‌లో కలుపుకోండి.

8. పాలసీ చేతికొచ్చిన వారంలో

- కోట్‌లో ఒప్పుకున్నవన్నీ షెడ్యూల్‌లో ఉన్నాయా చూడండి. మాటల్లో ఇచ్చిన హామీ లెక్కలోకి రాదు. లేనిది ఎండార్స్‌మెంట్‌గా (పాలసీకి జతచేసే సవరణ) రాయించండి.
- ప్రీమియం కంపెనీకి చేరాకే కవర్ మొదలవుతుంది. డబ్బు చేరిన రసీదు తీసుకోండి.
- పాలసీ కాపీ, హెల్ప్‌లైన్ నంబర్ ప్రింట్ తీసి కాగితం మీద ఉంచండి. సర్వర్ లాక్ అయిన రోజున సర్వర్‌లోని పీడీఎఫ్ తెరుచుకోదు.
- సర్వర్, ఫైర్‌వాల్ లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచేలా సెట్టింగ్ పెట్టించండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఇది ఉంది. క్లెయిమ్‌లోనూ ఇవే మీ సాక్ష్యం.

9. దాడి జరిగిన రోజు

విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్. సోమవారం ఉదయం ఏడింటికి పరగడుపున వచ్చిన పేషెంట్లు బెంచీల నిండా కూర్చున్నారు. రిసెప్షన్ కంప్యూటర్ తెరిస్తే ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకే టెక్స్ట్ ఫైల్, ఇంగ్లిషులో డబ్బు అడుగుతూ. టెన్షన్‌లో యజమాని ఎప్పుడూ వచ్చే హార్డ్‌వేర్ అబ్బాయిని పిలిచారు. అతను మంచివాడే, సాయం చేద్దామనే వచ్చాడు. పదకొండింటికల్లా రెండు మెషీన్లు ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాడు. మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చేసరికి హ్యాకర్ ఏ దారిన వచ్చాడో చెప్పే ఆధారం చెరిగిపోయింది. ఆ క్లెయిమ్ నెలల తరబడి సాగింది, చివరికి కొంత భాగమే వచ్చింది. ఆ ఉదయం ఎవరైనా "ఆగు, ముట్టుకోకు" అని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వరస ఇది:
1. నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. మెషీన్ ఆఫ్ చేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు.
2. తెర మీద ఉన్నది ఫోన్‌తో ఫొటో తీయండి. టైమ్ రాయండి.
3. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకీ చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగితేనే దక్కుతుంది. ఇక్కడ నిమిషాలే లెక్క.
4. పాలసీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, అదే విషయం మెయిల్ కూడా పెట్టండి.
5. సర్ట్-ఇన్‌కి 6 గంటల్లోపు తెలియజేయాలి. వివరాలన్నీ దొరికేదాకా ఆగొద్దు, తెలిసినంతే పంపండి.
6. ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా సొంతంగా నిపుణులను పెట్టుకోవద్దు, హ్యాకర్‌తో బేరం ఆడొద్దు, కస్టమర్లకు "తప్పు మాదే" అని రాయొద్దు. వీటిలో ఏది చేసినా "ఆ ఖర్చు మేం ఇవ్వం" అని కంపెనీ అనొచ్చు.
7. ఆ రోజు నుంచి ప్రతి అదనపు ఖర్చుకీ బిల్లు తీసుకోండి. పని ఆగిన రోజుల అమ్మకాలను పోయినేడాది అదే నెలతో పోల్చే జీఎస్టీ రిటర్నులు తీసి ఉంచండి.

10. క్లెయిమ్ కాదంటే

తిరస్కరణ ఏ క్లాజ్ కింద అన్నది రాతలో అడగండి. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా తర్వాతి మెట్టు మీ వ్యాపారం సైజును బట్టి ఉంటుంది.

సొంత యాజమాన్య వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి ఫీజు లేకుండా వెళ్లొచ్చు. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. తిరస్కరణ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ సంస్థ అంటే పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు మించనిది.

మన డిస్ట్రిబ్యూటర్‌ది ఏడాదికి 36 కోట్లు. భాగస్వామ్య సంస్థ అయితే ఆయనకు అంబుడ్స్‌మన్ దారి లేదు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. వినియోగదారుల కమిషన్‌కీ వెళ్లొచ్చు. నష్టాన్ని పూడ్చుకోవడానికి తీసుకున్న పాలసీ విషయంలో వ్యాపార సంస్థ కూడా వినియోగదారే కాగలదని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

11. రెన్యువల్

గడువుకు 45 రోజుల ముందు మొదటి అంచెలోని కాగితం మళ్లీ తీయండి. టర్నోవర్ పెరిగిందా, కొత్త బ్రాంచి తెరిచారా, కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారారా, పెద్ద పేమెంట్ మొత్తం మారిందా? ఫారం కొత్తగా నింపండి, పోయినేడాది జవాబులు కాపీ చేయొద్దు. "జూన్‌లోపు పెడతాం" అని రాసినవి పెట్టారో లేదో ముందు చూసుకోండి. గడువు ఒక్కరోజు కూడా తప్పనివ్వకండి. మధ్యలో గ్యాప్ వస్తే రెట్రోయాక్టివ్ తేదీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు, అప్పటికే సిస్టమ్‌లో నక్కి ఉన్న చొరబాటు కవర్ బయట పడిపోతుంది.